తమ్ముడి కంట్లో ఆప్టిక్ డిస్క్ పిట్, రెటీనా కింద నీరు

మీ తమ్ముడికి డాక్టర్లు ముందు సీఎస్ఆర్ (రెటీనా, అంటే కంటి వెనక పొర కింద నీరు చేరే జబ్బు) అన్నారు, ఇప్పుడు ఆప్టిక్ డిస్క్ పిట్ అంటున్నారు, ఏది నిజం అని అడిగారు కదండీ. రెండింటిలోనూ మాక్యులా (రెటీనా మధ్యలో, స్పష్టమైన చూపునిచ్చే భాగం) దగ్గర నీరు చేరుతుంది కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం మామూలే. పిట్ అంటే కంటి నరం మొదట్లో పుట్టుకతో వచ్చే చిన్న గుంట, సుమారు 11,000 మందిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ముప్పై నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియనే తెలియదు. ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను చూపే స్కాన్) మాక్యులాకే కాకుండా నరం మీదుగా కూడా తీయమని గట్టిగా అడగండి. కొందరికి నీరు దానంతటదే తగ్గుతుంది, కానీ చూపు పడిపోతుంటే ఆగొద్దు, విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీని తీసే ఆపరేషన్) చేసే రెటీనా సర్జన్‌కి చూపించండి. ఆ ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ పెడితే అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, దుబాయ్ వెళ్లాలన్నారు కాబట్టి చెబుతున్నా. ఆపరేషన్ తర్వాత నీరు ఇంకడానికి నెలలు పట్టొచ్చు, వెంటనే తగ్గలేదని టెన్షన్ పడకండి.