తాండ్ర దుబాయ్ చేరాలంటే

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. తోతాపురి గుజ్జుతో మామిడి తాండ్ర చేసి అమ్ముతున్నాం. దుబాయ్ వ్యాపారి ఒకరు సరుకు అడిగారు. కొత్త వాణిజ్య ఒప్పందం మాలాంటి చిన్నవారికి ఉపయోగపడుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉపయోగపడుతుందమ్మా. యూఏఈతో మన ఒప్పందం 2022 మే 1 నుంచి అమలులో ఉంది. అయితే సుంకం రాయితీ దానంతటదే రాదు. సరుకు మన దేశంలోనే తయారైందని తెలిపే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌ను మీరు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి తీసుకుని పంపితే, దాన్ని చూపించి అక్కడి దిగుమతిదారు రాయితీ కోరాలి. అందుకే మామిడికాయలు, చక్కెర ఎక్కడ కొన్నారో తెలిపే బిల్లులను ఒక్కటీ పారేయకండి.

ముందుగా కేంద్ర విదేశీ వాణిజ్య విభాగమైన డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో 500 రూపాయల రుసుముతో ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుల గుర్తింపు) నంబరు తీసుకోండి. ఆ తర్వాత వ్యవసాయ, ఆహార ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడాలో నమోదు చేసుకోండి. ఆహార లైసెన్సు సంగతి సరేసరి.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్‌వారు సరుకు రకాన్ని గుర్తించే అంకెల కోడ్ విషయంలో. గుజ్జుకు, తాండ్రకు కోడ్ వేరుగా ఉండవచ్చు, సుంకమూ దాన్నిబట్టే ఉంటుంది కనుక, మీ కోడ్‌కు ఎంత రాయితీ ఉందో కొనుగోలుదారుతో రాతపూర్వకంగా ఖరారు చేసుకున్నాకే ధర చెప్పండి. ఇన్‌వాయిస్‌లో ‘తాండ్ర’ అని, సర్టిఫికెట్‌లో ‘గుజ్జు’ అని పడితే రేవులో పెట్టెలు ఆగిపోగలవు. మొదటిసారి కొద్ది సరుకే పంపండి.