పోర్టు ఉద్యోగానికి సముద్రం పక్కనే ఉండాలా?

ప్రశ్న: మాది బంగారుపాళెం. మా అమ్మాయి బీకాం పూర్తిచేసింది. తిరుపతిలో ఒక ఇన్‌స్టిట్యూట్ లాజిస్టిక్స్ డిప్లొమాకు లక్షన్నర అడుగుతోంది, పోర్టులో ఉద్యోగం గ్యారంటీ అంటోంది. సముద్రమే లేని చిత్తూరు జిల్లాలో ఈ చదువు పనికొస్తుందా?

జవాబు: ముందు ఆ డబ్బు కట్టకండి. ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్లను, కిందటి బ్యాచ్ పిల్లలు ఏ కంపెనీలో ఏ పని చేస్తున్నారో చెప్పమనండి. పెద్ద రేవుల్లో ఓడ దగ్గరి పని చాలావరకు క్రేన్లదే, మనుషులతో అంత అవసరం లేదు.

అయినా అమ్మాయి ఆలోచన మంచిదే. మన విదేశీ వాణిజ్యంలో, పరిమాణం లెక్కన, దాదాపు 95 శాతం సముద్రం మీదే సాగుతుంది. ఆ సరుకు పుట్టేది మాత్రం మీ ఊరి లాంటి చోట్ల. మీ దగ్గరి ఫ్యాక్టరీల తోతాపురి మామిడి గుజ్జు డ్రమ్ముల్లో నిండి, కంటైనర్లెక్కి చెన్నై రేవుకు పోతుంది. 20 అడుగుల కంటైనర్‌లో సుమారు 80 డ్రమ్ములు పడతాయి. అది కదలాలంటే ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) కావాలి, ఓడెక్కాక బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు అందిందని ఓడ కంపెనీ ఇచ్చే పత్రం. ఒకదాంట్లో బరువు ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉందంటే కంటైనర్ రేవులో ఇరుక్కుంటుంది, పైగా రోజువారీ ఛార్జీలు. ఆ టెన్షనంతా ఫ్యాక్టరీ ఆఫీసులో డాక్యుమెంటేషన్ చూసేవాళ్లదే. బీకాం పిల్లకు సరిగ్గా సరిపోయే పని.

2025లో కాయ ధర ఎలా పడిందో మీకు తెలుసు. పాత గుజ్జు నిల్వలు కదలక ఫ్యాక్టరీలు వెనకాడితే, కిలోకు 12 రూపాయలు దక్కేలా ప్రభుత్వం 4 రూపాయలు కలపాల్సొచ్చింది. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో దాడుల వల్ల యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, కిరాయిలూ పెరిగాయి. ఇలాంటివి ముందే పసిగట్టే మనిషి ఎగుమతిదారుకు కావాలి.

కాబట్టి ఈ సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలోనో, చెన్నైలో కస్టమ్స్ బ్రోకర్ (ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ పనులు చూసే సంస్థ) దగ్గరో చేర్పించండి. మొదట్లో జీతం తక్కువే. బ్రోకర్ దగ్గర పనిచేసేవాళ్లకు కస్టమ్స్ గుర్తింపు కార్డులుంటాయి: పరీక్ష పాసుకాని వాళ్లకిచ్చే హెచ్ కార్డుతో మొదలుపెట్టి, కస్టమ్స్ పరీక్ష పాసైతే జి కార్డు వస్తుంది. నన్నడిగితే డిప్లొమా కంటే దానికే విలువెక్కువ. ఆపైన చదువుతానంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ చెన్నై క్యాంపస్‌లో పోర్టు, షిప్పింగ్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ ఉంది. అది కేంద్ర విశ్వవిద్యాలయం.

చెన్నై పంపడానికి మనసొప్పకపోతే తిరుపతి జిల్లాలోని పారిశ్రామికవాడ శ్రీసిటీ ఉంది. అక్కడి ఫ్యాక్టరీలకు విడిభాగాలు విదేశాల నుంచి కూడా దిగుతాయి కాబట్టి దిగుమతి కాగితాల పని ఉంటుంది. రెజ్యూమే ఇచ్చేటప్పుడు ‘ఏదైనా ఉద్యోగం’ అనకుండా, ఎగ్జిమ్ (ఎగుమతి, దిగుమతుల) విభాగంలో ఖాళీ ఉందా అని అడగమనండి.