సగటు తీసే ముందు, అమ్మలూ

చిరంజీవి అమ్మలూకి, ఎంవీపీ కాలనీ నుంచి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు ఎంటెక్ ప్రాజెక్టుకి పల్స్ ఎలక్ట్రోకెమికల్ మెషినింగ్ మోడలింగ్ తీసుకున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. లోహాన్ని ద్రావణంలో ఉంచి, కరెంటుని పల్సులుగా, అంటే ఆగాగి పంపి, కరిగిస్తూ ఆకారం తెచ్చే ఈ పని మన ఇంట్లో నా తర్వాత పట్టుకున్నది నువ్వే. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే మర్చిపోతావని రాస్తున్నాను.

మొదటి సంగతులు నీకు తెలిసినవే. ఎంత కరెంటుకి ఎంత లోహం కరుగుతుందో చెప్పే ఫారడే సూత్రం ఒకసారి చేత్తో వేసుకో. ఇనుము రెండు ఎలక్ట్రాన్లు వదిలి కరిగితే ఒక ఆంపియర్‌కి నిమిషానికి దాదాపు 2.2 ఘనపు మిల్లీమీటర్లు పోతుంది. టూల్‌కీ లోహానికీ మధ్య గ్యాప్ దగ్గర మెష్, అదే మోడల్‌లో లెక్క కోసం వేసే గళ్లు, సన్నగా వెయ్యి. ద్రావణం వేడెక్కితే వాహకత పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 2 శాతం. హైడ్రోజన్ బుడగలు దాన్ని తగ్గిస్తాయి. రెండూ మోడల్‌లో ఉండాలి.

ఇక నేను చేసిన తప్పు. మీ నాన్న ఇంటర్ చదువుతున్న రోజులు. పల్సులేమో మిల్లీసెకన్లు, పనేమో అరగంట. ప్రతి పల్సూ లెక్కకట్టడం అప్పటి కంప్యూటర్ వల్ల అయ్యేది కాదు. అందుకని సగటు తీసేశాను. పల్సులో చదరపు సెంటీమీటరుకు 40 ఆంపియర్లు, కరెంటు పారేది నాలుగో వంతు సమయం. కాబట్టి 10 అనుకుని, ఆ 10కే కరెంటు సామర్థ్యం, అంటే కరెంటులో ఎంత వంతు లోహాన్ని కరిగిస్తుందో, చూసుకున్నాను. మామూలు ఉప్పు ద్రావణమైతే పెద్ద తేడా వచ్చేది కాదు. మాది సోడియం నైట్రేట్. అందులో కరెంటు తక్కువైతే ఉక్కు మీద పొర కడుతుంది, లోహం సరిగా కరగదు, కరెంటు చాలావరకు ఆక్సిజన్ పుట్టించడానికే పోతుంది. మన గెడ్డ చూడు. వారమంతా జల్లు పడినా, అంత నీరూ ఒక్క గంటలో పడినా సగటు ఒకటే. వీధిలోకి పొంగేది మాత్రం ఆ గంట వానకే.

లోహం నెమ్మదిగా కరుగుతుందని నా లెక్క చెప్పింది కాబట్టి టూల్ ఫీడ్, అంటే టూల్ లోహంలోకి దిగే వేగం, కూడా తగ్గించి పెట్టించాను. నిజానికి పల్సు ఉన్నంతసేపూ అది 40 దగ్గరే కరిగిపోతోంది. పొద్దున్న మా ఫిట్టర్ రంధ్రం సైజు చూసే ప్లగ్ గేజ్ తీశాడు. గో వైపు పోయింది. తిప్పి నో-గో వైపు పెట్టాడు. అది అంచు మీదే ఆగాలి, లోపలికి పోతే రంధ్రం పెద్దదైపోయినట్టే. ఆగలేదు. నూనె రాసినట్టు జారి అడుగున టక్‌మంది. ఆయన నన్నేమీ అనలేదు. గేజ్ తుడిచి నా చేతిలో పెట్టాడు. అలాంటి ప్లేట్లు ఆ రాత్రి ఆరు పోయాయి. మీ నాన్న సైకిల్ మీద ఇడ్లీ క్యారేజీ తెచ్చాడు, నేను మూత కూడా తియ్యలేదు. పాపం వాడు ఏమీ అడక్కుండా సైకిల్ నడిపించుకుంటూ ఇంటిదాకా నా పక్కనే వచ్చాడు.

అందుకే ముందు పల్సు లోపలి కరెంటుకి సామర్థ్యం చూడు, ఆ తర్వాతే సగటు. పల్సులు మైక్రోసెకన్లకి దిగితే, లోహమూ ద్రావణమూ కలిసే చోట కెపాసిటర్‌లా ఉండే డబుల్ లేయర్ ఛార్జ్ అవ్వడానికి పోయే కరెంటునూ లెక్కలోకి తీసుకో. కనీసం పది పల్సులైనా పూర్తిగా నడిపి సగటు మోడల్‌తో పోల్చు. టైం లేదని సాకులు చెప్పకు. మోడల్ ఇచ్చే రంగుల బొమ్మలు ఎంత బాగున్నా, గేజ్ పెట్టి కొలవనిది నాకు చూపించకు. చిన్నప్పుడు లెక్క తప్పితే పలక మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టేదానివి. నీకా ఓపిక ఉంది తల్లీ.

ల్యాబ్‌కి కూడా వెళ్తావుగా, అక్కడే నా భయం. కాథోడ్, అంటే టూల్, దగ్గర పుట్టే హైడ్రోజన్‌కి రంగూ వాసనా ఉండవు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలి లాగుతోందో లేదో చూసుకున్నాకే స్విచ్ వెయ్యి. స్టెయిన్‌లెస్ స్టీల్ చేస్తే నైట్రేట్ బురదలో హెక్సావలెంట్ క్రోమియం చేరుతుంది. అది క్యాన్సర్ తెచ్చేది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, సింకులో పొయ్యకు. మొదటి రోజు ల్యాబ్ నుంచి బయటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి, మెసేజ్ చాలదు.

ఆదివారం ఇంటికి రా. ఆ ఆరింటిలో ఒక ప్లేటు ఇంకా బీరువాలో ఉంది. గేజ్ ఇస్తాను, నువ్వే పెట్టి చూడు. పెద్దమ్మ వంజరం పులుసు చేస్తానంటోంది.

మీ పెద్దనాన్న