పాల లెక్కతో మొదలుపెట్టు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. యాప్‌లు రాయడం నేర్చుకుంటాను, అమీర్‌పేటలో కోచింగ్‌కి చేరనా అని అడిగావు. ఇప్పుడే వద్దమ్మా. ముందు ఒక చిన్న యాప్ నువ్వే కుస్తీపట్టి రాయి. దేనికి కోచింగ్ కావాలో అప్పుడు నీకే తెలుస్తుంది.

సామాను సంగతి తొందరగా తేల్చేద్దాం. ఐఫోన్ యాప్‌కి మ్యాక్ కొనాలి, స్టోర్‌లో పెట్టడానికి ఏటా 99 డాలర్లు కట్టాలి. మనకి ఆండ్రాయిడ్ చాలు. కోడ్ రాసే భాష కాట్లిన్. 2017లో గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్‌కి అధికారికంగా తీసుకుంది, 2019 నుంచి పెద్దపీట దానికే. ముందు జావా రావాలని ఎవరైనా బెదిరిస్తే వినకు. ఫ్లట్టర్ అని యాప్‌లు రాసే ఇంకో పద్ధతి ఉంది, అదీ మంచిదే, కానీ రెండూ ఒకేసారి తలకెత్తుకోకు.

నీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ అన్నావు. యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో అందులో నడుస్తుంది. కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నటించే ఎమ్యులేటర్ జోలికి మాత్రం వెళ్లకు, మెషీన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. నీ ఫోన్‌నే కేబుల్‌తో కలుపు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ బయటపడతాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్యి. ఇంకో మాట: మొదటిసారి ప్రాజెక్టు తెరిచినప్పుడు కోడ్‌ని యాప్‌గా కూర్చే గ్రాడిల్ చాలా సరుకు దించుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టావంటే ఆ రోజు డేటా అంతా దానికే సరి. వైఫై ఉన్నచోట కూర్చో.

ఇక అసలు సంగతి. ఏ యాప్ రాయాలి? యూట్యూబ్‌లో అందరూ క్యాలిక్యులేటర్, చేయాల్సిన పనుల జాబితా చేయిస్తారు. అవి పూర్తయ్యాక ఎవరూ వాడరు, కాబట్టి వాటిలో తప్పులు ఎప్పటికీ బయటపడవు. నువ్వు మీ అమ్మ పాల లెక్క రాయి. ఏ ఇంటికి రోజూ ఎంత పోస్తోంది, ఎవరు ఏ రోజు నాగా పెట్టారు, నెలాఖరుకి ఎంత రావాలి, పాత బాకీ ఎంత. బీకాం చదివావు, ఖాతా అంటే ఏమిటో నాకంటే నీకే బాగా తెలుసు.

మొదట ఫోన్, స్క్రీన్ అన్నీ పక్కన పెట్టు. కాట్లిన్ ప్లేగ్రౌండ్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అందులో ఒక్క ఇంటి నెల బిల్లు లెక్క కట్టు. వేరియబుల్, ఇఫ్, లూప్, ఫంక్షన్, లిస్ట్, నల్ అంటే ఏమిటి, ఇంతవరకు వస్తే చాలు. ఈ చిన్న లెక్కలోనే మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది డబ్బు. రూపాయల్ని డబుల్‌లో, అంటే దశాంశ సంఖ్యలు దాచే రకంలో, పెట్టకు. 0.1కి 0.2 కలపమంటే అది 0.30000000000000004 అంటుంది. డబ్బుని పైసల్లో, పాలని మిల్లీలీటర్లలో, పూర్ణాంకాలుగా దాచు. లీటరు 70 రూపాయలైతే 7000 పైసలు. ముప్పావు లీటరుకి 7000ని 750తో హెచ్చవేసి, తర్వాత 1000తో భాగిస్తే 5250 పైసలు వస్తుంది. అదే ముందు 750ని 1000తో భాగించావో, పూర్ణాంకాలు కాబట్టి సున్నా అవుతుంది, నెలంతా పాలు ఉచితమే!

రెండోది రేటు. నెల మధ్యలో అక్క రేటు పెంచిందనుకో. రేటు ఒక్కచోటే రాసిపెట్టి ఉంటే పాత రోజుల లెక్క కూడా మారిపోతుంది, వాడుక ఇళ్లవాళ్లు గొడవకొస్తారు. అందుకని ఏ రోజు పోసిన పాలకి ఆ రోజు రేటు పక్కనే రాయాలి. డేటాబేస్ పాఠాలు చెప్పేవాళ్లు దీన్ని చివర్లో ఎక్కడో చెబుతారు. చిట్టా రాసినవాళ్లకి ఇది మొదటి రోజే తెలుసు.

మూడోది నాగా. ఎంట్రీ లేదంటే పాలు పోయలేదనా, రాయడం మర్చిపోయారనా? రెండూ వేర్వేరుగా తెలిసేలా ఉండాలి. ఇది నువ్వే ఆలోచించు.

తర్వాత స్క్రీన్లు. వాటిని కాట్లిన్‌లోనే రాసే జెట్‌ప్యాక్ కంపోజ్ నేర్చుకో. దాని మొదటి స్థిరమైన వెర్షన్ 2021లో వచ్చింది, కాబట్టి అంతకుముందు వీడియోలు చూసి తికమకపడకు. వెనకాల పనులు నడిపే ఎసింక్‌టాస్క్ అనే పాత పద్ధతి మాట వినబడితే ఆ వీడియో మూసెయ్యి, దానికి కాలం చెల్లింది. గూగుల్ వాళ్ల 'ఆండ్రాయిడ్ బేసిక్స్ విత్ కంపోజ్' కోర్సు ఉచితం. అంతా పూర్తిచేశాకే యాప్ మొదలుపెడతానని కూర్చోకు. పాల లెక్కకి కావలసిన పాఠం వెతికి చదువు. డేటా దాచడం దగ్గరికొచ్చినప్పుడు ఫోన్‌లో డేటాబేస్ నడిపే రూమ్ పాఠం తియ్యి, అంతవరకు అక్కర్లేదు.

ఒకరోజు సగం టైపు చేశాక ఫోన్ అడ్డంగా తిప్పుతావు, రాసిందంతా మాయమవుతుంది. కంగారుపడకు. మామూలుగా ఫోన్ తిప్పితే ఆండ్రాయిడ్ ఆ యాక్టివిటీని, అంటే తెరిచి ఉన్న ఆ స్క్రీన్‌ని, చంపేసి కొత్తది పుట్టిస్తుంది. కంపోజ్‌లో విలువలు గుర్తుంచుకోవడానికి రెండు ఫంక్షన్లున్నాయి: రిమెంబర్‌లో పెట్టింది దాంతోపాటే పోతుంది, రిమెంబర్ సేవబుల్‌లో పెట్టింది మిగులుతుంది.

యాప్ ఠక్కున మూసుకుపోతే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఫోన్ సందేశాలు చూపించే లాగ్‌క్యాట్ తెరువు. ఎర్రటి లైన్లు బారెడు ఉంటాయి. అన్నీ చదవక్కర్లేదు. 'కాజ్డ్ బై' అన్న చోటు, దాని కింద నువ్వు రాసిన ఫైలు పేరు, లైను నంబరు, ఈ రెండే చూడు. ఏఐని అడగొద్దనను, నేనూ అడుగుతాను. అది ఇచ్చిన కోడ్‌లో ఒక్కో లైను తీసేసి ఏం చెడిపోతుందో చూడు, అలా చూడనిది నీది కాదు.

ప్లే స్టోర్ గురించి ఇప్పుడే ఆలోచించకు. ఒకసారి 25 డాలర్లు కట్టాలి. అదీకాక 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి 12 మంది 14 రోజులు వరసగా పరీక్షించాలన్న నియమం ఉంది. ఏపీకే ఫైలు, అంటే యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైలు, అక్క ఫోన్‌లో వేస్తే మన పని జరిగిపోతుంది. అక్షరాలు పెద్దగా పెట్టు, బటన్ల మీద తెలుగు రాయి.

అక్కనడిగి, పాల లెక్క గుర్తులు పెట్టిన పోయిన నెల క్యాలెండర్ కాగితం ఫోటో తీసి పంపు. ఆ గుర్తుల్లో ఏది నాగానో, ఏది అదనంగా పోసిందో పక్కన రాయించు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను, డేటా దాచే టేబుల్‌లో ఏమేం ఉండాలో మాట్లాడుకుందాం.

మీ మామయ్య