బడి ముగిశాక జరిగే కార్యక్రమాల ద్వారా పిల్లలకు ఆరోగ్యకరమైన అలవాట్లు ఎలా నేర్పాలి?

ముందుగా ఉపన్యాసాలు మానేయాలి. రోజంతా బల్లల ముందు కూర్చుని వచ్చిన పిల్లలను మళ్లీ కూర్చోబెట్టి వ్యాయామం గొప్పతనం బోధించడం కంటే వింత మరొకటి ఉండదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు, ఒంటికి కాస్త గట్టిగా పని చెప్పే కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎముకలకు, కండరాలకు బలమిచ్చేవి వారంలో కనీసం 3 రోజులు ఉండాలి: గెంతడం, ఎక్కడం, పరుగెత్తడం వంటివి. బడి విడిచాక దొరికే గంటన్నరలో ఇందులో చాలా భాగం తీరిపోతుంది, ఆటను సరిగ్గా ఎంచుకుంటే.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఓడినవారు పక్కకు తప్పుకునే ఆటల్లో మొదట బయటికి వచ్చేది సాధారణంగా నెమ్మదిగా కదిలే పిల్లలే. కదలిక ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే గట్టున కూర్చుంటారు! అవుటైనవారు చిన్న పని ఏదైనా చేసి తిరిగి ఆటలోకి వచ్చేలా నియమం మార్చండి. జట్లను పిల్లల చేత ఎంపిక చేయించకండి. చివరిదాకా ఎవరూ పిలవని పిల్లవాడు మర్నాడు రానంటాడు. పరుగును శిక్షగా మాత్రం ఎప్పుడూ వాడకండి.

తిండి విషయంలో ఓపిక కావాలి. కొత్త కూరగాయ పిల్లలకు నచ్చడానికి పది పదిహేనుసార్లు రుచి చూడాల్సి రావచ్చు. బలవంతం చేయకుండా, వాళ్ల చేతే కడిగించి, కోయించి వడ్డిస్తే తినే అవకాశం పెరుగుతుంది. తాగడానికి మంచినీళ్లు చాలు.

పెద్దలు ఫోను చూసుకుంటూ ఒక మూల నిలబడకుండా తామూ ఆడాలి.