ఎండాకాలంలో పక్షులు చూడ్డానికి గుంపుగా వెళ్లడం దండగా?

వలస పక్షులన్నీ వెళ్లిపోయాక మార్చి, ఏప్రిల్‌లో గుంపుగా వెళ్తే ఏం కనిపిస్తాయని కొందరు అడిగారు. నన్నడిగితే అసలు వెళ్లాల్సింది అప్పుడే. చలికాలంలో మనం చూసేది చుట్టాలను. ఎండలు మొదలయ్యాక కనిపించేది ఇంటివాళ్ల సంసారం.

పోయినేడు మార్చి చివర్లో పన్నెండు మందిమి వరంగల్ జిల్లాలోని పాకాల వెళ్లాం. 1213 ప్రాంతంలో కాకతీయులు కట్టించిన చెరువు, చుట్టూ అడవి. ఒకే పొద్దున అడవి పిట్టలూ నీటి పిట్టలూ రెండూ దొరుకుతాయి. ఆకు రాలే కాలం కాబట్టి కొమ్మల్లో వంగపండు పిట్ట పసుపు ముద్దలా దూరం నుంచే తెలిసిపోతుంది. పాలపిట్ట జత కోసం గాల్లో గిరికీలు కొడుతోంది. దసరాకి దాన్ని పంజరంలో పెట్టి తిప్పుతూ డబ్బులు అడుగుతారు చూడండి, అది చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. అయినా దండం పెట్టి డబ్బులిచ్చేవాళ్లు ఉన్నారు.

అడవి దాటి, నీళ్లు తగ్గిన చెరువు అంచుకి దిగాం. రెండు తీతువు పిట్టలు అరుస్తూ మా నెత్తి మీదికే దూసుకొచ్చాయి. తీతువు అరిస్తే చావు కబురొస్తుందని మాలో ఒకావిడ భయపడి ఆగిపోయింది. నేను ముందుకే నడిచాను. గొర్రెలు కాస్తున్న పెద్దాయన అవతలి నుంచి కేకేశాడు: "బిడ్డా, ఆగు! కాళ్లకాడ గుడ్లున్నయి, జూడు!"

నా బూటుకి జానెడు దూరంలో నాలుగు గుడ్లు. గూడంటూ ఏమీ లేదు, గులకరాళ్ల మధ్య చిన్న గుంట. మట్టిరంగు, మీద నల్ల మచ్చలు. పన్నెండు మందిలో ఒక్కరికీ కనబడలేదు. నాకు కాళ్లు వణికాయి.

వంద అడుగులు వెనక్కి వచ్చి చెట్టు కింద కూర్చున్నాం. కాసేపటికి ఒక పిట్ట నీళ్లలో దిగి, పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద నిలబడింది. ఎండకి గుడ్లు పాడవకుండా అవి అలా చల్లబరుస్తాయి. అంత చూశాక కూడా మాలో ఒకాయన దగ్గర్నుంచి ఫోటో కావాలని లేచాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాం. ఫోన్‌లో కూత వినిపించి పిట్టల్ని పిలిచేవాళ్లూ ఇంతే. గూడు కట్టే రోజుల్లో ఆ కూత వింటే మగపిట్ట ఇంకోటి తన చోటుకి వచ్చిందనుకుని పని మానేసి దాని కోసం వెతుకుతుంది.

కాబట్టి వెళ్లండి, కానీ పన్నెండు మంది వద్దు, ఆరుగురు చాలు. తెల్లారి ఆరింటికల్లా కట్ట మీద ఉండండి, తొమ్మిదిన్నరకి తిరిగొచ్చేయండి. చెరువు అంచున ఒకరి వెనక ఒకరు నడవండి, ముందు నడిచేవాళ్లు ఆకాశం వైపు కాకుండా నేల వైపు చూడాలి.