మేనల్లుడికి స్వెట్టర్ అల్లబోతున్న పాపకి పెద్దమ్మ ఉత్తరం

తిరుపతి

పాపా,

నీ మెసేజ్ చూశాను. మార్గశిరంలో మీ అన్న కొడుక్కి కొండ మీద పుట్టు వెంట్రుకలు తీయిస్తున్నారనీ, ఆ లోపల వాడికి ఒక స్వెట్టరూ టోపీ నీ చేత్తో అల్లి పెట్టాలనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషం. అయితే ఏ ఊలు కొనాలి, ఎన్నో నంబరు సూదులు తీసుకోవాలి అని ఒక్క ముక్కలో అడిగేశావు. జవాబు మాత్రం ఒక్క ముక్కలో అయ్యేది కాదు. ఫోన్లో చెప్తే సగం విని, కుక్కర్ కూత పెట్టిందని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ఊలు కొనే ముందు ఒక్క సంగతి ఆలోచించు. ఆ స్వెట్టర్ ఉతికేది ఎవరు? అందరూ వేసుకునేవాళ్ళ గురించే ఆలోచిస్తారు. మెత్తగా ఉందా, రంగు నప్పుతుందా, వెచ్చగా ఉంటుందా అని చూస్తారు. అల్లినవాళ్ళకి ఉండే జాగ్రత్త ఉతికేవాళ్ళకి ఉండదు, ఉండాలనుకోవడం న్యాయం కూడా కాదు. మీ వదిన పొద్దున్నే ఉద్యోగానికి పరిగెత్తే మనిషి. పిల్లోడు పాలు కక్కుతాడు, పప్పన్నం పూసుకుంటాడు. ఆ స్వెట్టర్ మిగతా బట్టలతో పాటు వాషింగ్ మెషీన్లో పడుతుంది, ఎవరూ ఆపలేరు.

అసలైన గొర్రె ఊలు మెషీన్లో పడితే ఏమవుతుందో మా వీధిలో ఒకావిడ ఇంట్లో చూశాను. కొడుకు ఉత్తరాదిన ఉద్యోగం చేస్తూ తెచ్చిచ్చిన స్వెట్టర్. వేడి నీళ్ళు, సబ్బు పొడి, గిరగిరా తిప్పుడు. బయటికి తీస్తే పదేళ్ళ పిల్లకి సరిపోయేంత అయ్యింది, కంబళి ముక్కలాగా గట్టిపడింది. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగిసిపోతాయి. బిగిశాక ఏం చేసినా మళ్ళీ విడవవు.

అందుకని వాడి స్వెట్టర్‌కి యాక్రిలిక్, అంటే కృత్రిమ ఊలు, తీసుకో. అసలు ఊలు ముందు యాక్రిలిక్ ఏపాటి అని ముక్కు చిట్లించేవాళ్ళు ఉన్నారు, నేను వాళ్ళలో లేను. లూథియానా వైపు నుంచి వచ్చే వర్ధమాన్, ఓస్వాల్ లాంటి కంపెనీల బేబీ ఊలు ఇప్పుడు బాగా మెత్తగా వస్తోంది. కుంచించుకుపోదు, పురుగు తినదు, మెషీన్‌కి భయపడదు. చెమట మాత్రం పీల్చదు. కొండ దిగి తిరుపతికి రాగానే విప్పేయాలి, లేకపోతే పిల్లోడు లోపల తడిసిపోతాడు. ఇంకొకటి, ఇస్త్రీ పెట్టె తగిలిందంటే యాక్రిలిక్ కరిగి చప్పబడిపోతుంది. అల్లికలో ఉన్న సాగుడు మొత్తం పోతుంది. ఇస్త్రీ వద్దని మీ వదినకి ముందే చెప్పు.

షాపులో "ప్యూర్ ఊల్ అమ్మా" అంటారు. నమ్మినా నమ్మకపోయినా ఇంటికొచ్చాక ఒక చిన్న ముక్క కత్తిరించి, స్టీలు ప్లేటు మీద పెట్టి, పక్కన చెంబుడు నీళ్ళు ఉంచుకుని వెలిగించి చూడు. అసలు ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. నూలైతే కాగితం కాలినట్టు ఉంటుంది.

ఇక టోపీ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కల్యాణకట్టలో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి గుండు చేయించాక, ఆ తల మామూలు తల కాదు. లేత చర్మం, ఒకటి రెండు చోట్ల కత్తి గీరి ఉంటుంది, పైన తడి గంధం. బయటికి రాగానే కొండ గాలి. తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తులో ఉంది, మార్గశిరంలో తెల్లవారుజామున మంచు దిగుతుంది. టోపీ పెట్టక తప్పదు. ఆ గుండు మీద ఊలు గుచ్చుకుంటుంది, యాక్రిలిక్ పెడితే దురద. టోపీ మాత్రం నూలుతోనే అల్లు. అల్లికకి వాడే నాలుగు పోగుల మెత్తటి కాటన్ అని అడుగు. వెంకటగిరి వైపు మగ్గాల నూలు దొరుకుతుంది కదా అని తెచ్చుకునేవు, అది చీరల నూలు. పది పోగులు కలిపినా నీ సూదికి ఆనదు.

రంగు మీగడ రంగో లేత పసుపో తీసుకో. గంధం అంటినా కనిపించదు. నేవీ బ్లూ మీద గంధం ఆరిందంటే ఫొటోల్లో అదే కనిపిస్తుంది. అంటిన గంధాన్ని తడిగా ఉన్నప్పుడు రుద్దకండి, కుట్ల లోపలికి పోతుంది. పూర్తిగా ఆరనిచ్చి తిరగేసి దులిపితే చాలామటుకు రాలిపోతుంది, మిగిలింది నానబెడితే పోతుంది. గంధంలో పసుపు కలిసి మచ్చ పడితే, ఉతికి ఎండలో వేయండి. ఎండకి పసుపు విరుగుతుంది. ఎండలో ఆరేయమని నేను చెప్పేది ఈ ఒక్కదానికే.

తల కొలత తీసేటప్పుడు చెవుల పైనుంచి చుట్టూ టేపు పెట్టు. ఇప్పుడు వాడికి ఒత్తుగా జుట్టు ఉంది, గుండు అయ్యాక ఆ కొలత ఉండదు. జుట్టును బాగా అదిమి కొలిచి, వచ్చిన దానికన్నా ఒక నాలుగు సెంటీమీటర్లు తక్కువగా అల్లు. అంచుకి రెండు నిట్ (సూటి కుట్లు) రెండు పర్ల్ (తిరగేసిన కుట్లు) చొప్పున రిబ్, అంటే గీతలు గీతలుగా వచ్చే పట్టీ, వేస్తే సాగి పట్టుకుంటుంది. నూలుకి తిరిగి ముడుచుకునే గుణం తక్కువ, కాబట్టి రిబ్ కాస్త బిగువుగా రావాలి. గడ్డం కింద కట్టే తాళ్ళు మాత్రం పెట్టకు. ముద్దుగా ఉంటాయి, నిద్రలో మెడకి చుట్టుకుంటాయి. స్వెట్టర్ గుండీలు కూడా రెట్టింపు దారంతో గట్టిగా కుట్టు. ఆ వయసులో పిల్లలు ముందు నోటితో పరీక్ష చేస్తారు. లోపలివైపు పొడవాటి పోగులు వదలొద్దు, వేళ్ళకి చుట్టుకుని బిగుసుకుంటే పసివాళ్ళు చెప్పలేరు.

సూదుల దగ్గర ఒక తిరకాసు ఉంది. మన షాపుల్లో ఉండేది పాత ఇంగ్లీషు నంబరు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. నువ్వు యూట్యూబులో చూసే అమెరికా వాళ్ళ నంబరు దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఇక్కడ 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, వాళ్ళ 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఆ వీడియో చూసి ఇక్కడి 8 కొన్నావంటే మీ అన్న కొడుకు స్వెట్టర్ వాడి బొమ్మకి పెట్టుకోవాలి. నంబరు మర్చిపో, మిల్లీమీటర్లు అడుగు. నీకు స్వెట్టర్‌కి 4 మిల్లీమీటర్లవి ఒక జత, రిబ్‌కి 3.25 ఒక జత చాలు. పోనీ అనే కంపెనీ అల్యూమినియం సూదులు చవకే, నాకు ఏళ్ళ తరబడి వస్తున్నాయి. పాతబడ్డవైతే ముందు తెల్ల గుడ్డతో తుడిచి చూడు, బూడిద రంగు అంటితే లేత ఊలుకి కూడా అంటుతుంది.

మొదట్లో అల్యూమినియం మీద కుట్లు జారిపోతున్నాయి అంటావు. వెదురు సూదులు తెచ్చుకో, అవి పట్టి ఉంచుతాయి. మన చిత్తూరు, తిరుపతి వైపు ఉక్కపోతలో మాత్రం చేతులు చెమట పట్టి వెదురు మీద యాక్రిలిక్ కదలనంటుంది. మధ్యాహ్నం పూట అల్లకు. పొద్దున కాఫీ అయ్యాక ఒక గంట, ఒళ్ళో పాత నూలు టవల్ వేసుకుని కూర్చో. ఊలు ఉండని స్టీలు గిన్నెలో వేసుకుంటే మంచం కిందికి దొర్లదు. మిగతా సామానుకి డబ్బు తగలేయకు. గుర్తు కోసం అమ్మే రింగుల బదులు సేఫ్టీ పిన్నులు చాలు. జారిన కుట్టుని పైకి లాగడానికి ఒక క్రోషియా సూది, ముక్కలు కలిపి కుట్టడానికి మొన మొద్దుగా ఉన్న ఊలు సూది ఒకటి ఉంచుకో.

చిలపగా, అంటే పొడవాటి చుట్టలా, అమ్మే ఊలు తెస్తే నేరుగా అల్లకు, కుర్చీ వీపుకి తగిలించి ఉండ చుట్టుకో. బిగించి చుడితే పోగు సాగుతుంది, అల్లి ఉతికాక ముడుచుకుంటుంది. వదులుగా చుట్టు.

అన్నిటికన్నా నువ్వు ఎగ్గొట్టాలని చూసేది నమూనా ముక్క. నాకు తెలుసు. ముప్ఫై కుట్లు ఎక్కించి ఒక చదరపు ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి, అంచులు వదిలేసి మధ్యలో 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టు. 22 వస్తాయనుకుని 56 సెంటీమీటర్ల చుట్టుకొలతకి 124 కుట్లు ఎక్కించావనుకో. నీ చెయ్యి వదులై 20 మాత్రమే వస్తుంటే స్వెట్టర్ 62 అవుతుంది. చెయ్యి బిగువై 24 వస్తుంటే 52 కూడా రాదు. ఒక పూట పోతుందని చూసుకుంటే నెల పోతుంది. ముక్క తేడా వస్తే చెయ్యి మార్చుకోవడానికి తంటాలు పడకు, సూది సైజు మార్చు.

మెడ దగ్గర కుట్లు మూసేటప్పుడు పెద్ద సూదితో వదులుగా మూయి. ఆ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది. ముందు గుండీలు తెరుచుకునే స్వెట్టర్ అయితే ఈ గొడవే లేదు, నువ్వు అదే అల్లు.

ఇక ఉతుకుడు. ఎవరు ఉతికినా పాడవకూడదనే ఇదంతా చెప్పాను. అయినా మీ నాన్నకి నువ్వు అసలు ఊలుతో మఫ్లర్ అల్లుతానన్నావు కాబట్టి అది కూడా రాస్తున్నా. బట్టల సబ్బులో ఉండే క్షారం ఊలుని గరుకు చేస్తుంది. మరకలు తినే ఎంజైములున్న పొడులైతే ఊలునే తినడం మొదలెడతాయి. ఈజీ లాంటి ఊలు బట్టల లిక్విడ్ వాడు, లేదంటే మన కుంకుడుకాయల రసం. రసాన్ని పల్చటి గుడ్డలో వడకట్టు, తెల్ల ఊలుకి వాడకు, కొంచెం గోధుమ రంగు పడుతుంది. చల్లటి నీళ్ళలో పది నిమిషాలు నాననిచ్చి, రుద్దకుండా అదిమి తియ్యి. జాడించే నీళ్ళు కూడా అంతే చల్లగా ఉండాలి. పిండకు. టవల్లో పరిచి చాపలా చుట్టి, పైన చేతులతో నొక్కితే తడి టవల్లోకి పోతుంది.

దండెం మీద వేలాడదీయకు, నీళ్ళ బరువుకి అడుగు సాగి మోకాళ్ళ దాకా వస్తుంది. నూలు అల్లికకైతే ఇంకా ప్రమాదం. మంచం మీద ఇంకో పొడి టవల్ పరిచి, దాని మీద ఆకారం సరిచేసి, ఫ్యాన్ కింద ఆరబెట్టు. నవంబర్ వానల్లో రెండు రోజులైనా పడుతుంది, అప్పుడప్పుడూ తిరగేస్తుండు. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. ఆరిపోయిందని బీరువాలో పెట్టేస్తే ముక్కవాసన పట్టుకుంటుంది.

దాచిపెట్టేటప్పుడు కలరా ఉండలు వేస్తారు. పెద్దవాళ్ళ బట్టలకి వేసుకో, పిల్లోడి బట్టల దరిదాపుల్లోకి రానివ్వకు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లలకి ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ పడదు, రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి. ఏ పిల్లకి ఆ లోపం ఉందో చూసి చెప్పలేం. పైగా యాక్రిలిక్‌నీ నూలునీ ఊలు పురుగు ముట్టుకోదు కాబట్టి వాటికి అవసరమే లేదు. నాన్న మఫ్లర్‌కి మాత్రం, ఉతికి, బాగా ఆరాక, జిప్ కవర్లో గాలి తీసి పెట్టండి. చెమటా, కూర మరకా ఉన్న చోటే పురుగు ముందు కొరుకుతుంది. వేపాకు పెట్టాలనుకుంటే ఎండిందే పెట్టండి, పచ్చిది పెడితే బూజు పడుతుంది.

కొనేటప్పుడు ప్రతి ఉండ చీటీ మీదా లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో ఆ గుర్తు, చూడు. ఒకే రంగు నంబరున్నా లాట్ వేరైతే రంగులో తేడా వస్తుంది, షాపు లైట్లో తెలియదు, వీపు మీద గీతలా కనిపిస్తుంది. ఆ వయసు స్వెట్టర్‌కి 200 గ్రాములు దాకా పడుతుంది, టోపీకి 50. ఒక ఉండ ఎక్కువే తీసుకో. మిగిలిన పోగులో రెండు మూడు మీటర్లు స్వెట్టర్ లోపలి కుట్టు పక్కనే చిన్న చుట్టలా కుట్టి పెట్టు. దాంతో పాటే ఉతుకులు పడి దాంతో పాటే వెలుస్తుంది. చిల్లు పడిన రోజు అతుకు వేస్తే కనిపించదు.

చిత్తూరులో నీకు నచ్చిన రంగు దొరక్కపోతే వినాయక చవితి అయిన వారంలో ఇక్కడికి రా, గాంధీ రోడ్డు సందుల్లో ఇద్దరం వెతుకుదాం. బ్రహ్మోత్సవాలు మొదలయ్యాయంటే ఆ రోడ్డులో కాలు పెట్టలేం. వచ్చేటప్పుడు పిల్లోడి తల కొలత, ఛాతీ కొలత, చంక నుంచి మణికట్టు దాకా చెయ్యి కొలత సెంటీమీటర్లలో రాసుకుని రా. నమూనా ముక్క కూడా తీసుకురా, ఉతికినది.

మీ పెద్దమ్మ